ఆ కిటికీ మాత్రం మూయొద్దన్నాను

ఒక పాత బంగళాలో పెట్టబోయే మ్యూజియం గురించి జరిగిన మొదటి మీటింగ్‌లో, నా ముందు పెట్టిన డ్రాయింగ్‌లో తూర్పు గది మొత్తం నల్లగా ఉంది. నాలుగు గోడలకీ జిప్సం బోర్డులు కొట్టి, కిటికీలన్నీ మూసేసి, తూర్పు గోడ నిండా ప్రొజెక్టర్‌తో అలల వీడియో, మూలల్లో స్పీకర్లు పెట్టి అలల హోరు. చూడ్డానికి బాగానే ఉంది, ఇప్పుడు చాలా చోట్ల ఇలాగే చేస్తున్నారు కూడా. కానీ ఆ తూర్పు గోడకి అవతల, రోడ్డు దాటితే, నిజం సముద్రం ఉంది. కిటికీ తలుపు తోస్తే కనిపిస్తుంది, తోయకపోయినా రాత్రిళ్ళు వినిపిస్తుంది. వెనకాల సముద్రాన్ని పెట్టుకుని, దానికి అడ్డంగా గోడ కట్టి, ఆ గోడ మీద సముద్రం బొమ్మ వేయడం నాకు మింగుడు పడలేదు. ఈ ఒక్క కిటికీ మాత్రం మూయొద్దు, మిగతావి మీ ఇష్టం అన్నాను. ఆ మాట మీద నిలబడటానికి తర్వాత దాదాపు రెండేళ్ళు పట్టింది, ఆ రెండేళ్ళలో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

పని జరిగింది ఉత్తరాంధ్ర తీరంలో ఒక పాత బంగళాలో. ఊరి పేరు, ఎవరి కోసం చేశామో రాయను, ఎందుకంటే జరిగిన పొరపాట్లు కూడా చెప్పబోతున్నాను. రెండడుగుల మందం గోడలు, గానుగ సున్నం పూత, టేకు దూలాల మీద ఇటుక పేర్చి కట్టిన మద్రాస్ టెర్రస్ మిద్దె, మూడు వైపులా వరండా. ఒకప్పుడు ఓడల్లో వచ్చే సరుకుల లెక్కలు రాసుకునే కచేరీ అది. తీరం చరిత్ర చెప్పే చిన్న మ్యూజియం అందులో పెట్టాలని అనుకున్నారు, డిస్‌ప్లే డిజైన్ నాకు అప్పగించారు.

నేను పుట్టి పెరిగింది విశాఖలో. మ్యూజియం అంటే నాకు మొదట గుర్తొచ్చేది బీచ్ రోడ్డులో డచ్ బంగళా అని పిలిచే పాత భవనంలో 1991లో తెరిచిన విశాఖ మ్యూజియం. నాన్న చేయి పట్టుకుని వెళ్ళాను. అక్కడున్న ఓడల మోడళ్ళు, తుపాకులు ఏవీ నాకు పెద్దగా గుర్తు లేవు, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళు వేసిన, పేలని బాంబు ఒక్కటి మాత్రం గుర్తుంది. "ఇది మన ఊరి మీదే పడిందా నాన్నా?" అని అడిగాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, అదే రోజు కాకినాడ మీదా బాంబులు వేశాయని, ఊరు ఊరంతా మూటలు సర్దుకుని పల్లెలకి వెళ్ళిపోయిందని, తాతయ్య వాళ్ళు కూడా అలాగే వెళ్ళారని నాన్న అక్కడే నిలబడి చెప్పాడు. ఆ బంగళా వరండాలోంచి బయటికి వస్తే ఎదురుగా అదే సముద్రం. విమానాలు వచ్చింది అటు నుంచే కదా అని చాలాసేపు ఆకాశం వైపు చూశాను. అద్దాల పెట్టెలో ఉన్న వస్తువూ, కిటికీలోంచి కనిపించే చోటూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది, పేరు తెలియకపోయినా.

అదే బీచ్‌లో కొంచెం దూరంలో కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002లో ఒడ్డుకి చేరి మ్యూజియం అయ్యింది. అక్కడ డిజైనర్‌కి పెద్దగా పని ఉండదు, వస్తువే భవనం. వంగి, ఒదిగి, ఒకరి వెనక ఒకరు 91 మీటర్లు నడిచి బయటపడేసరికి, అందులో నెలల తరబడి ఉండటం అంటే ఏమిటో ఒంటికి తెలిసిపోతుంది. పాత బంగళాలో ఆ సౌకర్యం ఉండదు. బంగళాకి దాని కథ ఒకటి ఉంటుంది, మనం తెచ్చే వస్తువులకి వాటి కథలు ఉంటాయి, రెండూ ఒకే గదిలో సర్దుకోవాలి.

ఇక పొరపాట్ల సంగతి. ఒక రోజు నేను అక్కడికి చేరుకునేలోపే ఎలక్ట్రికల్ పనివాళ్ళు పైపు బిగించడానికి ఉత్తరం గోడకి డ్రిల్ పెట్టారు. నాలుగో రంధ్రానికి చేటంత పెచ్చు ఊడి కిందపడింది. నేను వెళ్ళేసరికి సిమెంటు కలిపి పూడ్చేస్తున్నారు. ఆపమన్నాను గానీ, అప్పటికే ఆ గోడకి కింద మూడడుగుల మేర ఎప్పుడో ఎవరో వేసిన సిమెంటు పూత ఉందని అప్పుడే తెలిసింది. సున్నం పని చేసే మేస్త్రిని వెతికి తీసుకొచ్చాం, డెబ్బై ఏళ్ళ పెద్దాయన. ఆయన ఏ మీటరూ తేలేదు. అరచేతిని గోడకి ఆనించి కింద నుంచి పైకి జరుపుకుంటూ వెళ్ళి, సిమెంటు అయిపోయే గీత దగ్గర ఆగి, గోరుతో గీకి, వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. "ఉప్పమ్మా" అన్నాడు. నన్ను కూడా రుచి చూడమన్నాడు. నిజంగానే ఉప్పు.

జరుగుతున్నది ఇది. నేలలో తేమ గోడలోకి ఎక్కుతుంది, సముద్రపు ఊరు కాబట్టి ఆ తేమతో పాటు ఉప్పూ ఎక్కుతుంది. సున్నం పూత అయితే ఆ తేమని బయటికి వదిలేస్తుంది, గోడ ఆరుతూ ఉంటుంది. సిమెంటు పూత వదలదు. లోపలే ఇరుక్కున్న తేమ దారి వెతుక్కుంటూ ఇంకా పైకి పోయి, సిమెంటు ఎక్కడ ఆగిందో అక్కడ బయటపడుతుంది, నీరు ఆవిరైపోయి ఉప్పు పలుకులు గట్టిపడి ఇటుకనే పొడి చేస్తాయి. మేస్త్రి మాటల్లో, "గోడకి ముక్కు మూసేశారమ్మా, నోటితో పీలుస్తోంది." జిప్సం బోర్డులు నాలుగు గోడలకీ కొట్టి ఉంటే వాటి వెనకాల ఏం జరిగేదో తల్చుకుంటే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది.

ఆ రోజు ఒక నియమం పెట్టుకున్నాం. మనం తెచ్చేది ఏదీ గోడని తాకకూడదు. ప్యానెళ్ళు, షోకేసులు, లైట్లు, అన్నీ తమ కాళ్ళ మీద తాము నిలబడాలి. గోడకీ ప్యానెల్‌కీ మధ్య కనీసం నాలుగు అంగుళాల ఖాళీ, గాలి ఆడటానికీ, చీపురు పట్టడానికీ. వైర్లు గోడ వెంట నేల మీద వేసిన చెక్క పెట్టెలోంచి పోతాయి. రేపు ఎవరైనా వచ్చి ఇదంతా తీసేస్తామంటే ఒక్క రోజులో తీసేయగలగాలి, బంగళా ఎలా ఉండేదో అలాగే దొరకాలి. ఖర్చు పెరుగుతుందని గొడవలయ్యాయి, అయితే ఇనుప ఫ్రేములన్నీ ఒకే కొలతలో చేయించడం వల్ల చివరికి అనుకున్నంత తేడా రాలేదు. సిమెంటు పూత చెక్కి తీసేసి, గోడని ఒక ఎండాకాలం మొత్తం ఆరనిచ్చి, మళ్ళీ సున్నం వేశారు. ఆ ఎండాకాలం పని ఆగిపోయినందుకు నేను పడ్డ మాటలు చాలానే ఉన్నాయి, అవి వదిలేస్తాను.

ఇలాంటి పని పెద్ద స్థాయిలో ఎలా చేస్తారో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సముద్రయాన మ్యూజియంలో చూశాను. 1656లో డేనియల్ స్టాల్‌పార్ట్ అనే వాస్తుశిల్పి డచ్ నౌకాదళం కోసం కట్టిన గిడ్డంగి అది. ఫిరంగులు, తెరచాపలు, తాళ్ళు, జెండాలు నిల్వ చేసేవారు. 1973 నుంచి మ్యూజియం. జనం పెరిగారు, చోటు చాలలేదు. 2007లో మూసేసి, 2011లో మళ్ళీ తెరిచేటప్పటికి మధ్యలో ఉన్న ఖాళీ పెరడు మీద గాజు కప్పు వేశారు. ఆ కప్పుకి ఉన్న ఉక్కు గీతల అల్లిక పాత సముద్ర పటాల మీద దిక్కులు చూపించే గీతల నుంచి తీసుకున్నది. నావికులు ఏ గీతలు చూసుకుని ఓడ నడిపారో అవే గీతలు నెత్తి మీద నీడలా పరుచుకుంటాయి. పాత ఇటుక గోడల్ని కదపకుండా, కొత్తగా కట్టినదానితోనే కథ చెప్పారు. తల పైకెత్తి మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

అక్కడ నడుస్తుంటే నాకు ఇంకోటి కూడా మనసులో తిరుగుతూనే ఉంది. ఆ గిడ్డంగి కట్టే నాటికే డచ్చి వాళ్ళు మచిలీపట్నంలో యాభై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నారు. మన తీరంలో నేసిన, అద్దిన బట్టలు కొని, వాటిని ఇండోనేషియా దీవుల్లో ఇచ్చి మసాలా దినుసులు తెచ్చుకునేవారు. బట్టలతో పాటు, కరువు కాలంలో ఈ తీరం నుంచి మనుషుల్ని కూడా కొని బానిసలుగా బటేవియాకి, అంటే ఇప్పటి జకార్తాకి తీసుకుపోయారు. ఆ ఓడల వైభవానికి ఇటు వైపు చివర ఉన్నది మనమే. మా బంగళాలో కథ ఈ చివర నుంచి చెప్పాలని అక్కడే గట్టిగా అనుకున్నాను.

తిరిగొచ్చాక అసలు చిక్కు మొదలైంది. మా దగ్గర ఐదు గదులు, ఒక వరండా. అందరూ అనుకున్న వరస ఏమిటంటే శాతవాహనులు మొదటి గది, కాకతీయులు రెండు, డచ్చి ఇంగ్లీషు వాళ్ళు మూడు, రేవు నాలుగు, నౌకాదళం ఐదు. కాగితం మీద చక్కగా ఉంది. కానీ మొదటి గది తూర్పు గది, ఆ కిటికీ ఉన్న గది. పొద్దున ఏడింటికి లైట్ మీటర్ పెడితే అంకె వేలల్లోకి పోయింది. నూలు బట్టకి, కాగితానికి, అద్దకం రంగులకి 50 లక్స్ (వెలుతుర్ని కొలిచే కొలత) కంటే ఎక్కువ వెలుతురు తగలకూడదు, తగిలితే రంగు పోతుంది, పోయిన రంగు మళ్ళీ రాదు. అలా అని కిటికీ మూస్తే నేను పట్టుబట్టిందానికి అర్థం లేదు.

మూడు రోజులు ఆ గదుల్లో ఊరికే కూర్చున్నాను, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా. ఎండ ఎక్కడ పడుతోంది, ఎప్పుడు పోతోంది, గాలి ఎటు నుంచి వస్తోంది, ఏ మూలలో చెమ్మ వాసన ఉందో రాసుకుంటూ. మూడో రోజు సాయంత్రం తట్టింది, ఈ బంగళా వెలుతుర్ని బట్టి ఎప్పుడో సర్దుకుని ఉంది. తూర్పు గది లెక్కలు రాసుకునే గది, అందుకే అంత పెద్ద కిటికీ. మధ్య గది సరుకు పెట్టుకునే కొట్టు, అందుకే కిటికీయే లేదు, పైన చిన్న గాలి కన్నం మాత్రం. సరుకుని ఎండ నుంచి కాపాడటానికి కట్టిన గది అది! మన బట్టలూ కాగితాలూ పెట్టాల్సింది అక్కడే. కట్టినవాళ్ళు ఆలోచించి పెట్టారు, మనం దాన్ని కాదని కాలం వరసలో ఇరికించాలని చూస్తున్నాం.

అంతే, కాలం వరస వదిలేసి కథని వెలుతురు ప్రకారం పేర్చాం. వెలుతురికి భయపడని రాయి, ఇనుము, మట్టి, తాడు కిటికీ గదిలోకి. మోస్తరు వెలుతురు తట్టుకునే చెక్క వస్తువులు పక్క గదుల్లోకి. బట్ట, కాగితం, పటాలు లోపలి కొట్లోకి. దాంతో కథ కూడా మారిపోయింది. కిటికీ గది ఒడ్డు అయ్యింది, అంటే సముద్రంలోకి దిగేవాళ్ళ కథ, లంగరు, పడవ, వల, తెడ్డు, తుఫాను. లోపలికి వెళ్ళేకొద్దీ సరుకు, వ్యాపారం, రాజశాసనం, చివరికి చీకటి కొట్లో కలంకారీ అద్దకాలు. శాతవాహనుల నాణెమూ నిన్న మొన్నటి కళాసి విజిలూ పక్కపక్కన రావడానికి చరిత్ర తెలిసిన ఒక పెద్దాయన మొదట్లో ఒప్పుకోలేదు. ప్రతి వస్తువు దగ్గరా సంవత్సరం పెద్ద అంకెల్లో రాస్తామని, వరండాలో కాలం వరస ఒక్క బోర్డు మీద పెడతామని చెప్పాక ఒప్పుకున్నారు. ఆయన అడిగింది న్యాయమే, ఆ బోర్డు లేకపోతే పిల్లలు తికమక పడేవాళ్ళు.

నాణేల గురించి కాస్త వివరంగా చెప్పాలి. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు ఓడ బొమ్మ నాణేలు మన తీరంలో దొరికాయి. రెండు తెరచాప కొయ్యలున్న ఓడ. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట ఒక రాజు నాణెం మీద ఓడ వేయించాడంటే, సముద్రం మీది బేరం ఆ రాజ్యానికి ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. మాకు నాలుగు నాణేలు అరువుగా వచ్చాయి. చేతిలో పెట్టుకుంటే చిన్నవి, మసకబారి, ఓడ ఎక్కడుందో అన్నట్టుంటాయి. అవి సీసం నాణేలు, ఇబ్బంది అంతా అక్కడే.

వడ్రంగి అప్పటికే కొత్త ప్లైవుడ్‌తో అందమైన షోకేసు చేసి తెచ్చాడు, లోపల మెత్తని గుడ్డ అంటించి. చూస్తే ముద్దొచ్చేలా ఉంది. కానీ కొత్త చెక్క, ప్లైవుడ్, బంకలు చాలాకాలం పుల్లటి ఆవిరి వదులుతూ ఉంటాయి, మూసిన పెట్టెలో ఆ ఆవిరి సీసాన్ని తినేస్తుంది. పైన తెల్లటి పొడి పట్టి, కొన్నాళ్ళకి బొమ్మ మొత్తం పోతుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో మొదలుపెట్టిన పరీక్ష ఒకటి ఉంది. అనుమానం ఉన్న చెక్క ముక్కని వెండి, రాగి, సీసం రేకులతో కలిపి, కొంచెం నీళ్ళు పెట్టి, గాజు గొట్టంలో బిగించి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచాలి. తెలిసిన ల్యాబ్‌లో అడిగి పెట్టించాం. 28వ రోజు గొట్టం తెరిస్తే వెండి రేకు బాగానే ఉంది, రాగి కొంచెం మసకబారింది, సీసం రేకు మీద మాత్రం పిండి చల్లినట్టు తెల్లగా. వడ్రంగికి ఆ రేకు చూపించాను. ఆయన చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నా పెట్టె ఇంత పని చేస్తుందా అమ్మా" అని బాధపడ్డాడు. ఆయన తప్పేం లేదు, ఎవరూ ఆయనకి చెప్పలేదు. ఆ షోకేసుని తెడ్లు పెట్టడానికి వాడుకున్నాం. నాణేలకి పౌడర్ కోటింగ్ వేసిన ఇనుము, గాజు, అడుగున కనపడకుండా తేమ పీల్చే సిలికా జెల్ ట్రే.

ఓడ కనిపించకపోవడానికి మందు లైటింగ్‌లో దొరికింది. పై నుంచి లైటు వేస్తే నాణెం చప్పిడి బిళ్ళలా ఉంది. చిన్న లైటుని పక్కకి దించి, దాదాపు నాణెం అంచుకి ఆనేంత కిందికి తెచ్చేసరికి, ఉబ్బెత్తు గీతలకి నీడ పడి ఓడ ఒక్కసారి లేచి నిలబడింది. కొయ్యలు రెండూ, ఓడ అడుగు వంపూ. రాత్రి పదకొండింటికి ఆ గదిలో నేనూ ఎలక్ట్రీషియన్ కుర్రాడూ ఇద్దరమే ఉన్నాం. వాడు "అక్కా, ఓడ!" అని అరిచాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పడవ గురించి. ఈ తీరానికి సొంతమైనది మసూలా పడవ. రేవులు కట్టకముందు ఓడలు దూరంగా లోతు నీళ్ళలో లంగరు వేసేవి, అక్కడి నుంచి ఒడ్డుకి, మధ్యలో విరిగే కెరటాల మీదుగా, మనుషుల్నీ సరుకునీ చేర్చింది ఈ పడవలే. వీటికి మేకులు ఉండవు. పలకలకి అంచుల వెంట కన్నాలు పెట్టి, సందులో ఎండుగడ్డి కూరి, కొబ్బరి పీచు తాడుతో కుడతారు. నిజం పడవ ఒకటి దొరుకుతుందని వెతికాం, మ్యూజియంలో పెట్టేంత బాగున్నది దొరకలేదు. చివరికి కుట్టడం తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ళతో ఆరడుగుల ముక్క, నాలుగు పలకలు, కొత్తగా కుట్టించాం. నేను దాన్ని రెండు ఉక్కు కడ్డీల మీద శిల్పంలా నిలబెట్టాను. నాకు చాలా నచ్చింది.

కుట్టినవాళ్ళలో పెద్దాయన చూడ్డానికి వచ్చాడు. చుట్టూ తిరిగి, చేత్తో పలకని నొక్కి, "ఏటమ్మా ఇది, పడవని కట్టెలాగ బిగించేసినారు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "ఏం తాతా, బాలేదా?" అన్నాను. "బాగుంది గానీ, ఇది ఒంగదు. పడవంటే ఒంగాల. కెరటం కొడితే మేకులేసిన పడవ ఇరిగిపోతాది, కుట్టింది ఒంగుతాది. మరి ఒంగకపోతే ఈ కుట్టంతా ఎందుకు కుట్టినట్టు?" అని నన్నే అడిగాడు. నిజమే కదా. కుట్టు బొమ్మలా కనిపించాలని చూశాను గానీ, కుట్టు ఎందుకో కనిపించకుండా చేశాను. కడ్డీలు తీసేశాం. రెండు మందపాటి కాన్వాసు పట్టీల మీద ఉయ్యాల్లా వేసి, చేతికందే ఎత్తులో పెట్టి, "నొక్కి చూడండి" అని రాశాం. ఇప్పుడు పిల్లలు నొక్కుతారు, పలక లోపలికి పోయి మళ్ళీ వస్తుంది, కుట్టు కిర్రుమంటుంది. ఆ శబ్దం కోసం మళ్ళీ మళ్ళీ నొక్కుతారు. ఏడాదికోసారి తాడు మార్చాల్సి వస్తుంది, మార్చడానికి ఆ తాతే వస్తాడు, ఆయన కుడుతుంటే చూడ్డానికి జనం వస్తారు. మ్యూజియం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

మోటుపల్లి శాసనం కూడా చాలా ఆలోచించి పెట్టాం. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో సముద్ర వ్యాపారులకి ఇచ్చిన అభయం అది. అంతకుముందు రాజులు తుఫానుకి చిక్కి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాగేసుకునేవారు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద వచ్చేవాళ్ళ కష్టాన్ని తలచి, మేము నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోము అని గణపతిదేవుడు చెప్పాడు. ఆ శాసనం చెక్కిన స్తంభం మోటుపల్లి గుడిలో ఉంది, అక్కడే ఉండాలి. మేము దాని సారాన్ని ఇప్పటి తెలుగులో, ఒక పొడవాటి నేత గుడ్డ మీద అరచేతంత అక్షరాల్లో రాయించి, పైనుంచి వేలాడదీశాం. ప్యానెల్ మీద చిన్న అక్షరాల్లో పెడితే ఎవరూ చదవరు. ఇలా పెడితే చదువు వచ్చినవాళ్ళు పక్కవాళ్ళకి పైకి చదివి వినిపిస్తున్నారు. ఒకసారి ఒక చేపల వ్యాపారం చేసే ఆవిడ అంతా విని, "అంటే ఏటి, పడవ పోయినోడి సొమ్ము ముట్టనన్నాడన్నమాట రాజు" అంది. ఆ శాసనాన్ని ఇంత తేలిగ్గా అప్పటిదాకా ఎవరూ నాకు చెప్పలేదు.

తుఫాను గురించి పెట్టిన మూల చిన్నది. 1839లో కాకినాడ దగ్గరి కోరంగి రేవుని ఊడ్చేసింది, 1864లో మచిలీపట్నాన్ని ముంచింది, 2014 హుద్‌హుద్ మనందరం చూసింది. అక్కడ బొమ్మలేవీ పెట్టలేదు. హుద్‌హుద్‌కి తోటలో విరిగిన కొబ్బరి మానుని గోడకి ఆనకుండా నిలబెట్టాం, అంతే.

రేవు గదిలో ఎక్కువమంది ఆగేది విశాఖ హార్బర్ ముఖద్వారం మోడల్ దగ్గర. అలల తాకిడి ఆపడానికి రెండు పాత ఓడల్ని రాళ్ళతో నింపి అక్కడే ముంచారని చదివి నమ్మలేక మళ్ళీ చదువుతారు. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ ఆ హార్బర్‌లోకి వచ్చింది. 1948 మార్చిలో సింధియా యార్డులో కట్టిన జల ఉష అనే ఓడ నీళ్ళలోకి దిగింది. విశాఖలో రోజూ సింధియా బస్సెక్కే పిల్లలు అది ఓడల కంపెనీ పేరని అక్కడే తెలుసుకుంటున్నారు.

వరండా మాత్రం ఖాళీగా వదలమని అడిగాను. ఓడ కోసం ఎదురుచూసిన మనుషులకి అది. మ్యూజియంలో ఓడల గురించి పెట్టేటప్పుడు కెప్టెన్ యూనిఫాం, దుర్భిణి, గంట వస్తాయి గానీ డెక్కు మీద మూట పక్కన పెట్టుకుని కూర్చున్నవాళ్ళు రారు. ఈ తీరం నుంచి ఎంతమంది పోయారు! 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి కూలీలుగా వెళ్ళినవాళ్ళలో మనవాళ్ళున్నారు. మారిషస్‌కి, ఫిజీకి వెళ్ళారు. అన్నిటికంటే ఎక్కువ రంగూన్‌కి. ఉత్తరాంధ్రలో రంగూన్ అని ఎవరూ అనలేదు, రంగం అన్నారు. "మా తాత రంగం పోయాడు" అనే మాట లేని ఇల్లు మా చుట్టుపక్కల తక్కువ. బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలు అన్నారు, ఎక్కిన రేవు పేరే మనుషుల పేరైపోయింది. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక అందులో ఎంతమందో అడవుల గుండా నడిచి తిరిగొచ్చారు, రానివాళ్ళూ ఉన్నారు.

వరండాలో ఒక పొడవాటి చెక్క బెంచీ, సముద్రం వైపు తిరిగి. దాని పక్కన ఒక అరుగు. బెంచీ మీద కూర్చుంటే చెవి దగ్గర సన్నగా వినిపించేలా, రంగం వెళ్ళొచ్చిన ఇళ్ళవాళ్ళు చెప్పిన మాటలు రికార్డు చేసి పెట్టాం, ఒక్కోటి రెండు నిమిషాలు. స్పీకరు సౌండు ఎంత ఉండాలో తేల్చుకోవడానికి చాలా రోజులు పట్టింది, ఎందుకంటే అలల శబ్దం వాటి వెనకాల వినపడుతూ ఉండాలి. ఆటుపోట్లని బట్టి ఆ శబ్దం మారుతుంది, మేము దాన్ని అలాగే వదిలేశాం.

కిటికీ సంగతి చెప్పలేదు కదా. పాత టేకు తలుపులు అలాగే ఉంచి, వాటికి లోపలి వైపు విడిగా నిలబడే ఫ్రేములో గాజు పెట్టాం, ఉప్పు గాలి లోపలికి రాకుండా, అతినీలలోహిత కిరణాల్ని ఆపే ఫిల్ముతో. ఎదురుగా లంగరు. ఏడు క్వింటాళ్ళ బరువు, నేల మీద నేరుగా పెడితే గచ్చు పగులుతుందని కింద మందపాటి దుంగలు పరిచి బరువు నాలుగు వైపులా సర్దాం. లంగరు మీదుగా చూస్తే సరిగ్గా కిటికీ మధ్యలో దూరంగా ఓడలు ఆగి ఉండేది కనిపిస్తుంది. లేబుల్ మీద రెండు లైన్లే రాశాను. ఇది ఇనుము, ఇన్నేళ్ళ నాటిది, ఇంత బరువు. ఇప్పుడు బయట చూడండి.

పని అయిపోలేదు. ఉత్తరం గోడ కింద భాగంలో మళ్ళీ కొంచెం తెల్లగా ఉప్పు కనిపిస్తోంది, వానలకి ముందే మేస్త్రి వచ్చి చూస్తానన్నాడు. వరండాలో అరుగు ఇంకా ఖాళీగా ఉంది. అక్కడ రంగం నుంచి వచ్చిన ట్రంకుపెట్టె ఒకటి పెట్టాలని నా కోరిక. కొత్తగా కొన్నది వద్దు, నిజంగా ఓడ దిగినది కావాలి, తుప్పు పట్టినా, మూత రాకపోయినా ఫర్వాలేదు. మీ ఇంట్లో అటక మీద, ధాన్యం పోసుకునో పాత బట్టలు పెట్టుకునో, అలాంటిది ఉంటే చెప్పండి. ఊరికే ఇమ్మని అడగను, అరువుగా చాలు. దాని పక్కన మీ తాత పేరు, ఊరు పేరు, ఏ ఏడు వెళ్ళాడో, ఏ ఏడు తిరిగొచ్చాడో రాసి పెడతాను.